ఆషాఢంలో పని లేదు, ఒక సినిమా చెప్తాను చూడండి

ఆషాఢం వచ్చింది కాబట్టి మా శుభలేఖల కొట్టులో పని బాగా తగ్గింది, దాచుకోవడానికేం లేదు. చీరల షాపుల వాళ్లు ఈ నెలంతా డిస్కౌంట్ బోర్డులు పెట్టి అమ్ముకుంటారు, మాకు ఆ దారి కూడా లేదు, పేర్లూ ముహూర్తమూ లేని కార్డు సగం ధరకిచ్చినా ఎవరు కొంటారు చెప్పండి? చిక్కడపల్లిలో ఆర్డర్ తీసుకుని ఛత్తాబజార్‌లో ప్రింట్ చేయించే మాలాంటి వాళ్లందరిదీ ఇదే పరిస్థితి.

రేట్ల సంగతి ముందు చెప్పేస్తా. కార్డులు వేసే మందపాటి కాగితం (బోర్డు) ధర పెరిగింది కాబట్టి గోల్డ్ ఫాయిల్ కార్డులకి కొంచెం పెంచాం, మామూలు స్క్రీన్ ప్రింటింగ్ పాత రేటే. దగ్గరి చుట్టాలకి మాత్రం కార్డు, మిగతావాళ్లకి వాట్సాప్ అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు, వందలోపు కూడా వేసిస్తాం. కాకపోతే ఒక్కో కార్డుకి ఎక్కువ పడుతుంది, మొదట పెట్టే ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే కదా.

ఇక సినిమా. పేరు హైదరాబాద్ బ్లూస్, 1998లో వచ్చింది. మన ఊళ్లో, మన ఊరి మనిషి తీసిందే అయినా మా దగ్గరికి కార్డుల కోసం వచ్చే పాతికేళ్ల పిల్లల్ని అడిగితే చాలామంది పేరే వినలేదంటారు. నగేశ్ కుకునూర్ అంటే మాత్రం ఇక్బాల్ తీసినాయన కదా అని గుర్తుపడతారు. ఆయన మొదటి సినిమా ఇది. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి ఉద్యోగం చేసి, అక్కడ సంపాదించిన డబ్బు పెట్టి, తనే రాసుకుని, తనే డైరెక్ట్ చేసి, హీరోగా కూడా తనే వేశాడు. మొత్తం ఖర్చు 17 లక్షలు. మేం కార్డులు వేసిన కొన్ని పెళ్లిళ్లలో ఇప్పుడు పువ్వుల డెకరేషన్‌కే అంత అవుతోంది!

వరుణ్ నాయుడని ఒకతను పన్నెండేళ్ల తర్వాత అమెరికా నుంచి సెలవు మీద ఇంటికొస్తాడు. ఇంట్లోవాళ్లకి అబ్బాయి పెళ్లి మీద ఆరాటం, అతనికేమో సంబంధాలు చూసి చేసే పెళ్లంటేనే మంట. అలాంటివాడు ఇక్కడే అశ్విని అనే డాక్టరమ్మతో ప్రేమలో పడతాడు, ఆ పాత్ర రాజశ్రీ నాయర్ వేసింది. ఆవిడ అమెరికా మాటలకి పడిపోయే రకం కాదు, అతను అక్కడి పద్ధతిలో చొరవ తీసుకోబోతే ఈవిడ ఇక్కడి పద్ధతిలో ఆపుతుంది. నవ్వంతా అందులోనే ఉంది. విలన్ లేడు, ఫైట్లు లేవు.

వరుణ్ వాదనంతా మాత్రం నేను ఒప్పుకోను. పెద్దలు కుదిర్చిన జంటలు కార్డు చూడ్డానికి మొదటిసారి వచ్చినప్పుడు అమ్మాయి ఆ చివర, అబ్బాయి ఈ చివర కూర్చుంటారు, మాటలన్నీ నాన్నలవే. ప్రూఫ్ (అచ్చుకి ముందు తప్పులు చూసుకునే నమూనా) చూడ్డానికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఫోన్‌లోకి చూస్తూ నవ్వుకుంటుంటారు, ప్రూఫ్ గోల పట్టదు. ఏళ్ల తరబడి ప్రేమించుకున్నవాళ్లు కవర్ రంగు దగ్గర పోట్లాడుకుని వెళ్లిపోవడమూ చూశాను (మళ్లీ వచ్చారు లెండి, మెరూన్ ఖాయమైంది). ప్రేమ పెళ్లికి ముందే రావాలని వరుణ్ పట్టుపట్టడం నాకు కొంచెం అతిగానే అనిపించింది.

లోపాలూ చెప్పాలి. చాలావరకు ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు, మధ్యమధ్యలో తెలుగూ హిందీ వస్తాయి, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి బోర్ కొట్టొచ్చు. కొందరి నటన నాటకంలా ఉంటుంది. మాటలు కాస్త బాహాటంగా ఉంటాయి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి. 2004లో రెండో భాగం కూడా వచ్చింది, నాకైతే మొదటిదే నచ్చింది. పెళ్లి కుదిరి, ఆషాఢం వల్ల ముహూర్తం కోసం ఆగినవాళ్లు మాత్రం ఇద్దరూ కలిసి చూడండి, తర్వాత మాట్లాడుకోవడానికి బోలెడు దొరుకుతుంది.

లాల్‌దర్వాజ బోనాల ఆదివారం, ఆ మర్నాడు సోమవారం కొట్టు మూసి ఉంటుంది, మా మిషన్ అబ్బాయిది ఆ బస్తీయే. శ్రావణం ముహూర్తాల వాళ్లు ఇప్పుడే మ్యాటర్ పంపితే తాపీగా చేసిస్తాం, శ్రావణం వచ్చాక టెన్షన్ పెట్టకండి. ప్రూఫ్ మీద రెండు వైపులవాళ్లూ సంతకం పెట్టాకే మిషన్ ఎక్కిస్తాం, బాబాయి పేరు మర్చిపోయామని ఆ తర్వాత ఫోన్ చేస్తే కార్డులు మళ్లీ వేయాలి, ఆ డబ్బులు మీవే.