లెడ్‌విల్ వెళ్లేముందు

మొగల్రాజపురం,
విజయవాడ.

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి వదిలేస్తావని మెయిల్ రాస్తున్నా. మామ్మ మోకాళ్ల నొప్పి కాస్త నయం. మేడమీద ట్యాంకు మార్పించాం. నువ్వు ఫోనెత్తకపోతే పరీక్షలేమో అనుకున్నాం. సుజాత పిన్ని ఇంకోటి చెప్పింది, నలుగురు కలిసి సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం నడుపుకుంటూ అమెరికా కొలరాడో కొండల్లోని లెడ్‌విల్ వెళ్తున్నారట. తిట్టడానికి అడగడం లేదు.

నలుగురంటే బరువు లెక్క చూశావా? నిండు ట్యాంకులకు 53 గ్యాలన్లు, గ్యాలన్‌కి ఆరు పౌండ్లు. ఫ్యూయలే 318 పౌండ్లు అయిపోయాక నలుగురు పట్టరు. మనిషిని తగ్గించు, ఫ్యూయల్ తగ్గించకు.

మన గన్నవరం సముద్రమట్టానికి వంద అడుగులు కూడా లేదు, లెడ్‌విల్ ఎయిర్‌పోర్టు 9,934 అడుగులు. అక్కడ 25 డిగ్రీలు మనకు చలికాలమే. ఇంజన్‌కి కాదు. వేడికి గాలి పలచబడుతుంది. ప్రామాణిక లెక్కలో ఆ ఎత్తున ఉండాల్సింది మైనస్ 5. తేడా 30, డిగ్రీకి 120 అడుగులు కలిపితే ఇంజన్‌కి 13,500 అడుగుల్లో ఎగురుతున్నట్టే. ఆ విమానం సీలింగే, అంటే ఎక్కగలిగే ఎత్తే, 14,000! మిక్స్‌చర్ లీన్ చేసుకో, పలచని గాలికి తగ్గట్టు ఇంజన్‌కి ఫ్యూయల్ తగ్గించు. సగం రన్‌వేకి, లేవాల్సిన స్పీడులో 70 శాతం రాకపోతే త్రాటిల్ మూసేసి ఆగిపో, సిగ్గుపడకు.

పొద్దున్నే కదా వెళ్లేది? వెళ్తే, అంటున్నా. మధ్యాహ్నానికి ఉరుము మబ్బులు కమ్ముతాయి.

2009 సెప్టెంబరు 2కి నువ్వు చిన్నపిల్లవి. వై.ఎస్. గారిది బేగంపేట నుంచి చిత్తూరుకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. ట్రాన్స్‌మిషన్ (రెక్కలు తిప్పే గేర్లు) ఆయిల్ ప్రెషర్ సంగతేంటో పుస్తకంలో చూసి తేల్చుకుంటూ నిమిషాల తరబడి ఆ గొడవలోనే ఉన్నారు, ఎదురుగా మేఘాలు. గట్టిగా కిందికి తోసే గాలిలో చిక్కి అదుపు తప్పిందని విచారణలో తేలింది. ఐదుగురూ పోయారు, మర్నాటి దాకా చోటు దొరకలేదు. నల్లమలలో పెద్ద శిఖరాలే మూడు వేల అడుగులకు అటూ ఇటూ. లెడ్‌విల్ పక్కనున్న ఎల్బర్ట్ శిఖరం 14,400 దాటింది. హెచ్చరిక దీపం ఏది వెలిగినా ముందు విమానం నడుపు, తర్వాతే పుస్తకం.

శిఖరాల మీద గాలి 25 నాట్లు దాటితే ఆ రోజుకి మానెయ్. పళ్లెం బోర్లించినట్టు మేఘం కొండపక్కన కదలకుండా నిలబడితే దాని కింద గాలి సుడులు తిరుగుతుంది, చేరకు. రిడ్జ్ (కొండవరస) దాటేటప్పుడు దానికి ఎదురుగా కాక 45 డిగ్రీల కోణంలో ఏటవాలుగా వెళ్తే, గాలి కిందికి తొయ్యగానే లోయవైపు చప్పున తిరగొచ్చు. కిందికి జారుతున్నామని యోక్ (స్టీరింగ్) వెనక్కి లాగావో, స్టాల్, రెక్కలు విమానాన్ని మోయలేవు. లోయలో నడిమధ్యన కాదు, ఒక పక్కన వెళ్లు, తిరగడానికి వెడల్పంతా ఉంటుంది. 12,500 పైన అరగంట దాటితే ఆక్సిజన్ ఉండాల్సిందే, తలనొప్పి వచ్చాక చూద్దామనుకోకు.

ఏ పాస్ (కనుమ) మీదుగానో ఫ్లైట్ ప్లాన్‌లో రాయి, నాకూ పంపు. స్వెట్టర్, నీళ్లు సీటు వెనకే ఉండనీ. కందిపొడి, గోంగూర పార్సిల్ కట్టి మీ అమ్మ అడ్రస్ కోసం కూర్చుంది, పాతదేనా? నలుగురా, ఇద్దరా, అసలు వెళ్తున్నారా, ముందు అది చెప్పు.

నాన్న