బ్యాంకులకు ఇచ్చిన వెబ్‌సైట్ ఇంటిపేరు ఆడిటర్లకూ ఇవ్వండి

సంపాదకుడి గారికి,

నేను బ్యాంకులో 33 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. పోయిన నెల మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీ పాఠకుల ముందు పెట్టాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బావమరిది కూతురికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. వీసా ఇంటర్వ్యూ నాలుగు రోజుల్లో ఉందనగా, తండ్రి పేరున ఉన్న నెట్‌వర్త్ సర్టిఫికెట్ (అప్పులు పోగా ఆస్తి ఎంతో ఆడిటర్ ధ్రువీకరించే కాగితం) పాతబడిందని, కొత్తది చేయించుకోమని ఎవరో చెప్పారు. ఎప్పుడూ చేసే ఆడిటర్ గారు ఊళ్లో లేరు. పిల్ల టెన్షన్ చూడలేక మా వాడు ఫోన్‌లో వెతికాడు. ఒక వెబ్‌సైట్ కనపడింది. దాని పేరులోనే సీఏ అన్న అక్షరాలున్నాయి. 3,500 రూపాయలు ఫోన్‌లోనే పంపాడు. రెండు గంటల్లో సర్టిఫికెట్ వచ్చేసింది. గుండ్రటి సీలు, సంతకం, సభ్యత్వ సంఖ్య, కింద యూడీఐఎన్, అన్నీ ఉన్నాయి.

నాకు కాగితం చూడగానే నంబరు సరిచూసే అలవాటు ఇంకా పోలేదు. ఈ యూడీఐఎన్ అంటే చార్టర్డ్ అకౌంటెంటు తాను సంతకం పెట్టే ప్రతి సర్టిఫికెట్‌కీ విడిగా తీసుకోవాల్సిన 18 స్థానాల సంఖ్య. మొదట సంవత్సరం, తర్వాత ఆయన సభ్యత్వ సంఖ్య, ఆ తర్వాత పది అక్షరాలూ అంకెలూ ఉంటాయి. సీఏల సంతకాలు ఫోర్జరీ చేసేవాళ్లు ఎక్కువైపోవడంతో సీఏల ఇన్‌స్టిట్యూటే దీన్ని తెచ్చి, 2019లో దశలవారీగా తప్పనిసరి చేసింది. ఇన్‌స్టిట్యూట్ పోర్టల్లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. చూశాను. ఆ నంబరు అసలు పుట్టనే లేదు. సభ్యత్వ సంఖ్య మాత్రం నిజమే, వేరే రాష్ట్రంలో ఉన్న వేరే ఆయనది. వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే స్విచ్ఛాఫ్.

పిల్ల అదృష్టం బాగుండి, ఊరి నుంచి తిరిగొచ్చిన ఆడిటర్ గారు రాత్రి పది గంటలకు కూర్చుని అసలు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ నకిలీ కాగితం పట్టుకుని కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి కూడా మా చెల్లెలు ఒప్పుకోవడం లేదు.

“వెబ్‌సైట్ పేరులోనే సీఏ అని ఉంది కదా బావా, నాకేం తెలుస్తుంది?” అన్నాడు మా బావమరిది. తప్పు వాడిది కాదు. ఆ పేరు ఎవడైనా కొనుక్కోవచ్చు, ఏడాదికి కొన్ని వందలు చాలు. కొనేవాడిని సర్టిఫికెట్ చూపించమని అడిగేవాళ్లు లేరు.

ఇదే చిక్కు బ్యాంకులకూ ఉండేది. బ్యాంకు పేరులో ఒక అక్షరం మార్చి పెట్టిన నకిలీ సైట్లకు డబ్బు పోగొట్టుకుని, ముఖం వేలాడేసుకుని బ్రాంచికి వచ్చిన ఖాతాదారుల్ని ఎందరినో చూశాను. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు దానికొక మందు ప్రకటించింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్‌ను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివరి పేరు కిందికి మార్చుకోవాలని, అందుకు అక్టోబరు 31 గడువని ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ చివరి పేరు బయట బజారులో దొరకదు. దాన్ని ఇచ్చే ఒకే ఒక్క రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ. రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన సంస్థ అది. బ్యాంకు కానివాడికి ఆ పేరు రాదు.

మా వాడకట్టులో పెద్దవాళ్లకు దీన్ని నేనిలా చెబుతున్నాను. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది, వెబ్‌సైట్లకు ఇంటిపేరు చివర ఉంటుంది. కాబట్టి వెబ్‌సైట్ పేరును కుడి నుంచి చదవండి. ముందు బ్యాంక్ అని ఉన్నా, మధ్యలో ఉన్నా లెక్కలేదు. పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీటుకు (/) ముందు, చిట్టచివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ఉంటేనే ఆ ఇంటివాడు. ఇది మా పక్కింటి మామ్మగారికి కూడా అర్థమైంది. ఆవిడకు యూడీఐఎన్ గురించి చెప్పడానికి మాత్రం నాకు అరగంట పట్టింది, అయినా అర్థం కాలేదు.

అలాంటి ఇంటిపేరు లైసెన్సు ఉన్న వృత్తులవారికి కూడా ఇవ్వాలి, ముందుగా ఆడిటర్లకు ఇవ్వాలి. నేను అడిగేది ఇదే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ 2000 నవంబరులో ఏడు కొత్త చివరి పేర్లను ఎంపిక చేసింది. అందులో డాట్ ప్రో ఒకటి. డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు తమ లైసెన్సు రుజువు చేసుకుంటేనే ఇవ్వాలన్నారు. 2004లో అమ్మకం మొదలైంది. మరుసటి ఏడాదే ఒక రిజిస్ట్రార్ దొడ్డిదారి కనిపెట్టి లైసెన్సు లేనివాళ్లకు కూడా ఆ పేర్లు వాడుకునే వీలు కల్పించాడు. నిజమైన డాక్టర్లేమో పెద్దగా పట్టించుకోలేదు. చివరికి 2015 నవంబరులో షరతులన్నీ ఎత్తేశారు. ఇవాళ డాట్ ప్రో ఎవరైనా కొనుక్కోవచ్చు. కావలి లేని తోటకు కంచె ఎంత ఎత్తుంటే ఏం లాభం?

మరో విచిత్రం చూడండి. డాట్ లా అనే చివరి పేరు కావాలంటే న్యాయవాదినని రుజువు చూపాలి. డాట్ లాయర్ అనే చివరి పేరుకు ఏమీ చూపనక్కర్లేదు, డబ్బు కడితే చాలు. లాయర్ కావడం కంటే డాట్ లాయర్ కావడం తేలిక! ఇలాంటి వృత్తుల పేర్లకు జాగ్రత్తలు పెట్టాలని ప్రభుత్వాల సలహా సంఘం 2013లోనే ఐకాన్‌ను కోరింది. కొన్నిటికి పెట్టారు, కొన్నిటికి లేదు. మామూలు మనిషికి ఏది ఏదో ఎలా తెలియాలి? అమెరికాలో అకౌంటెంట్ల సంఘం డాట్ సీపీఏ (అక్కడ మన సీఏ లాంటివాళ్లను సీపీఏ అంటారు) పేరును, మందుల షాపుల లైసెన్సు బోర్డుల సంఘం డాట్ ఫార్మసీ పేరును తమ చేతిలోనే పెట్టుకున్నాయి. లైసెన్సుల సంగతి తెలిసినవాళ్ల చేతిలోనే తాళంచెవి ఉండటం నాకు సరైన పద్ధతిగా కనిపిస్తోంది.

మన దగ్గర ఆ తాళంచెవి సీఏల ఇన్‌స్టిట్యూట్‌కే ఇవ్వాలి. సభ్యుల జాబితా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంది, యూడీఐఎన్ పోర్టల్ నడిపిన అనుభవమూ ఉంది. డాట్ ఇన్ పేర్లు చూసే నిక్సీ సంస్థ వాళ్లకొక చివరి పేరు కేటాయిస్తే చాలు. షరతు మాత్రం ఒకటి ఉండాలి. సభ్యత్వం రద్దయిన రోజే, ప్రాక్టీసు సర్టిఫికెట్ వదులుకున్న రోజే ఆ వెబ్‌సైట్ పేరు కూడా ఆగిపోవాలి. పేరు ఇచ్చేటప్పుడు ఒకసారి చూసి తర్వాత మరిచిపోయే పనైతే అసలు మొదలుపెట్టొద్దు.

డాక్టర్లూ లాయర్ల సంగతేమిటని అడుగుతారు. వాళ్లకూ కావాలి, కానీ వాళ్ల జాబితాలు ముందు చక్కబడాలి. న్యాయవాదుల డిగ్రీలు అసలువో నకిలీవో తేల్చడానికి 2023లో సుప్రీంకోర్టే ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. డాక్టర్లకు జాతీయ మెడికల్ రిజిస్టర్ పోర్టల్ 2024 ఆగస్టులో మొదలైంది. జాబితా తేలకుండా ఇంటిపేరు పంచితే దొంగకు మనమే పట్టా రాసిచ్చినట్టు.

ఇక్కడొక మాట చెప్పాలి. నకిలీల సైట్లు తళతళలాడుతుంటాయి, అసలు వాళ్లవి వెలవెలబోతుంటాయి. దానికి కారణం ఉంది. ఈ వృత్తుల్లో ప్రచారం చేసుకోవడంపై నియమాలున్నాయి. న్యాయవాదులకైతే బార్ కౌన్సిల్ 2008లో గానీ వెబ్‌సైట్‌కు అనుమతి ఇవ్వలేదు. అదీ పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు లాంటి నాలుగైదు వివరాలతోనే. నియమం పాటించేవాడు వెనకబడి, పాటించనివాడు గూగుల్‌లో ముందు కనిపిస్తున్నాడు. అసలు వాళ్లకు ఇవ్వగలిగింది ఈ ఇంటిపేరు ఒక్కటే.

“జనం వెబ్‌సైట్ పేరు ఎక్కడ చూస్తారండీ, వాట్సాప్‌లో వచ్చిన నంబరుకు ఫోన్ చేస్తారు గానీ” అన్నారు మా ఆడిటర్ గారు. నిజమే. సొంత సైటే లేని ఆడిటర్లు చిన్న ఊళ్లలో చాలామంది ఉన్నారు. అందుకే ప్రతి సభ్యుడికీ పేరు, ఊరు, సభ్యత్వ సంఖ్య ఉన్న ఒక్క పేజీ ఇన్‌స్టిట్యూటే ఉచితంగా ఇవ్వాలి. తెలుగులో డాట్ భారత్ ఉండనే ఉంది, పేజీ పేరు తెలుగు అక్షరాల్లో కూడా ఇస్తే మరీ మంచిది. విద్యార్థుల వీసా కాగితాలు చూసే కన్సల్టెన్సీలు ఆ పేజీ లింకు లేని సర్టిఫికెట్ తీసుకోకపోతే మిగతాది దానంతట అదే దారిలో పడుతుంది.

మా బావమరిది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాడు. 3,500 మీద ఆశ వదిలేసుకున్నాడు. ఆ వెబ్‌సైట్ నిన్న సాయంత్రం నేను చూసేసరికి ఇంకా తెరుచుకుంటూనే ఉంది. ఫీజు 4,000 చేశారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి