ఆరు బిట్రగుంట ఇంజన్లు వెనక్కి పంపండి, అక్షరాలు మార్చి ఇస్తాను

అందరికీ నమస్తే. పోయిన వేసవిలో నా దగ్గర బిట్రగుంట షెడ్డు డబ్ల్యూజీ (గూడ్స్ బండ్లు లాగిన బ్రాడ్‌గేజ్ బొగ్గింజను) చిన్న మోడల్ తీసుకున్న ఆరుగురికీ, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న మిగతా వాళ్లకీ ఈ కబురు. ఆ ఆరు ఇంజన్లకీ టెండర్ మీద, అంటే వెనక బొగ్గూ నీళ్లూ ఉండే పెట్టె మీద, రైల్వే పేరు తప్పు పడింది. తప్పు పూర్తిగా నాది.

జరిగింది చెప్తాను. ఆ ఆరింటికీ ఆధారం 1964లో షెడ్డులో తీసిన ఒక నలుపు తెలుపు ఫోటో. ఒక కస్టమర్ వాళ్ల నాన్నగారి ట్రంకు పెట్టెలో దొరికింది. ఇంజన్ స్పష్టంగానే ఉంది గానీ టెండర్ మీద షెడ్డు నీడ పడి అక్షరాలు కనపడవు. పుట్టినప్పటి నుంచీ బిట్రగుంట అంటే సౌత్ సెంట్రల్ అనే విన్నవాణ్ణి. ఇంకో ఆలోచన లేకుండా ఎస్.సి. అని డీకాల్ (అక్షరాల స్టిక్కర్) అంటించేశాను.

పోయిన నెలలో కావలిలో మా షాపుకి ఒక పెద్దాయన వచ్చారు. బిట్రగుంటలో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరైన మనిషి. షోకేసులో నా కోసం ఉంచుకున్న ఏడో ఇంజన్ని బయటికి తీయించుకుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చక్రాల నుంచి పొగగొట్టం దాకా నిదానంగా చూశారు. "బాగా చేశావు అబ్బయా. ఫోటో ఏ సంవత్సరందన్నావ్?" అని అడిగారు. అరవై నాలుగు తాతా అన్నాను. "అరవై నాలుగులో సౌత్ సెంట్రల్ యాడిది? అప్పటికి మాది సదరన్ గదా" అన్నారు.

నిజమే. సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న. సదరన్ నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లను, సెంట్రల్ నుంచి సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లను విడదీసి దీన్ని కట్టారు. బిట్రగుంట విజయవాడ డివిజన్‌లోది. కాబట్టి 1964 నాటి ఇంజన్ మీద ఉండాల్సింది సదరన్ అక్షరాలే. ఈ సంగతి నాకు తెలియనిదేం కాదు, అడిగితే తేదీతో సహా చెప్పేవాణ్ణి. ఫోటో తేదీనీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇప్పటిదాకా పంపిన ఇంజన్ల చిట్టా అంతా తిరగేశాను. ఇంకొకటి బయటపడింది. ఒంగోలు పంపిన డబ్ల్యూజీకి 8401 కన్నా తక్కువ నంబర్ వేసి, పక్కన చిత్తరంజన్ తయారీ ప్లేటు పెట్టాను. చిత్తరంజన్ కార్ఖానా నుంచి 1950లో బయటికొచ్చిన మొట్టమొదటి ఇంజనే 8401, దేశబంధు. అంతకు ముందు నంబరుకి ఆ ప్లేటు కుదరదు. ఆ సారుకి ఫోన్ చేసి చెప్పాను, కొత్త ప్లేటు తయారవుతోంది.

రెండక్షరాలకి ఇంత హడావుడి ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. నా దగ్గరికొచ్చే వాళ్లు ఏదో ఒక బొగ్గింజను కోసం రారు. మా నాన్న నడిపింది, మా మామయ్య ఫిట్టర్‌గా పనిచేసిన షెడ్డుది అని నంబర్ చెప్పి అడుగుతారు. అలాంటప్పుడు ఆ రెండక్షరాలు తప్పయితే అది వాళ్ల నాన్న ఇంజన్ కాదు. అందుకే ఇకనుంచి ఒక ఇంజన్ అంటే ఒక నంబర్, ఒక సంవత్సరం. ఆ రెండూ తేలాకే అడ్వాన్స్ తీసుకుంటాను.

ఇంకో విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. నేను ఇంజన్ మొత్తం మొదటి నుంచి తయారు చేయను. హెచ్‌వో అంటే 1:87 కొలతలో దొరికే అమెరికన్ ఇంజన్లు తెచ్చి, విప్పి, మన రూపానికి మారుస్తాను. డబ్ల్యూజీకి ఇది బాగా కుదురుతుంది. దాని పెద్ద చక్రాలు 61.5 అంగుళాలు. నేను వాడే లైట్ మికాడో అనే అమెరికన్ రకం ఇంజన్‌వి 63 అంగుళాలు. 1:87లో ఆ తేడా అర మిల్లీమీటరు కూడా రాదు. గంట పీకేసి, బఫర్లు పెట్టి, క్యాబ్ మార్చి, పైపుల దారి సరిచేస్తే మనదవుతుంది. ప్యాసింజర్ బండ్లు లాగిన డబ్ల్యూపీ సంగతి అలా కాదు. ముక్కు మీద వెండి నక్షత్రం చూడగానే అందరికీ అదే కావాలనిపిస్తుంది, నాకూ అంతే. కానీ దాని చక్రాలు 67 అంగుళాలైతే, నేను వాడుతున్న లైట్ పసిఫిక్ అనే అమెరికన్ రకానివి 73. మోడల్లో పావు తక్కువ రెండు మిల్లీమీటర్లు ఎక్కువొస్తుంది, పక్క నుంచి చూస్తే ఇంజన్ కాళ్ల మీద లేచి నిలబడ్డట్టు ఉంటుంది. సరైన చక్రాలు దొరికే దాకా డబ్ల్యూపీ ఆర్డర్లు ఆపేస్తున్నాను. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చిన ముగ్గురికీ డబ్బు తిరిగి పంపేశాను.

పట్టాల వెడల్పు గురించి కూడా చాలామందికి నేను చెప్పలేదు, చెప్పాల్సింది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1:87లో అది 19.3 రావాలి. దొరికే హెచ్‌వో పట్టాలు 16.5, అమెరికా, యూరప్ వాళ్ల గేజ్‌కి సరిపోయేవి. అందుకే ఎదురుగా చూస్తే మన ఇంజన్ కాళ్లు దగ్గరకి పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. నడిపించుకునే వాళ్లు దీంతో సర్దుకోక తప్పదు. అద్దాల పెట్టెలో పెట్టుకునే వాళ్లకి మాత్రం ఇకనుంచి 19.3కే చక్రాలు జరిపి, పట్టాలు నేనే వేసి ఇస్తాను. దొనకొండ వైపు మీటర్‌గేజ్ ప్యాసింజర్ ఇంజన్ వైపీ అడిగిన మార్కాపురం అన్నకి ఒక మంచి మాట: మీటర్‌గేజ్ 1:87లో 11.5 వస్తుంది, పట్టాలు 12 దొరుకుతాయి. నిజానికి దగ్గరగా నిలబడేది మీ ఇంజనే.

ఇక ధర. ఒక్కో ఇంజన్‌కి 1,800 రూపాయలు పెంచుతున్నాను, ముందే ఆర్డర్ ఇచ్చిన వాళ్లకి పాత ధరే. ఈ పెంపు ఎక్కువగా చేతి కమ్మీల పనికి పోతుంది. బాయిలర్ పక్కన డ్రైవర్ పట్టుకుని నడిచే కమ్మీ, కొన్న ఇంజన్లో బాయిలర్‌తో కలిపి పోతపోసి ఉంటుంది, గీత గీసినట్టు. దాన్ని ఉలి బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కేసి, అరమిల్లీ కన్నా సన్నని రంధ్రాలు చేత్తో తిప్పి వేసి, 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగని బాయిలర్‌కి ఎడంగా నిలబెట్టాలి. ఎడం సరిగ్గా కుదిరితే కమ్మీ నీడ బాయిలర్ మీద పడుతుంది. ఆ నీడ పడ్డాకే అది నాకు ఇంజన్‌లా కనిపిస్తుంది. ఒక పక్క కమ్మీకి నాకు ఒక పూట పడుతుంది, తీగ వంగితే మళ్లీ మొదటికి.

టెండర్‌లో బొగ్గు నిజం బొగ్గే, దంచి జల్లెడ పట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో అంటిస్తాను. పిడికిలంత పెళ్ల ఈ కొలతలో మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. ఇన్నాళ్లూ దాన్ని నున్నగా గోపురంలా పోసేవాణ్ణి. పెద్దాయన అదీ పట్టుకున్నారు. షెడ్డు నుంచి బయల్దేరేటప్పుడే అలా ఉంటుందనీ, ఫైర్‌మన్ పార వేసేది ముందు నుంచే కాబట్టి ఒంగోలు చేరేసరికి ముందు వైపు గుంట పడేదనీ చెప్పారు. మీ ఇంజన్ షెడ్డులో ఉన్నట్టు కావాలా, దారిలో ఉన్నట్టు కావాలా అని ఇకమీదట మిమ్మల్ని అడుగుతాను. బాయిలర్ నీళ్లు కారి ఎండిన తెల్ల చారలు ఎక్కడెక్కడ ఉండాలో కూడా ఆయనే పెన్సిల్‌తో గీసిచ్చారు. ఆ కాగితం నా బల్ల ముందు గోడకి అంటించాను.

ఆలస్యం గురించి: అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన నెల్లూరు జిల్లా వానల్లో స్ప్రే రంగు వేయలేను. గాలిలో తేమకి నల్లరంగు ఆరేటప్పుడు పాలపొర కమ్ముతుంది. పోయినేడు తొందరపడి రెండు ఇంజన్లు పాడుచేశాను. ఈసారి ఆ మూడు నెలలూ తీగ పని, టంకం పని మాత్రమే. రంగులు సంక్రాంతి తర్వాతే. పుట్టినరోజులకీ షష్టిపూర్తులకీ ఇవ్వాలనుకునే వాళ్లు దయచేసి దీన్ని లెక్కలో పెట్టుకోండి, చివర్లో ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

ఆ ఆరుగురూ ఇంజన్లు ఈ నెలాఖరులోగా పంపితే, వానలు మొదలవకముందే వార్నిష్ పొర నెమ్మదిగా రుద్ది, పాత అక్షరాలు తీసి, సదరన్ అక్షరాలు వేసి పంపిస్తాను. రానూపోనూ పార్శిల్ ఖర్చు నాదే. ఎస్.సి.నే ఉంచుకుంటామనే వాళ్లు 1966 తర్వాతి ఇంజన్ అనుకుని ఉంచుకోవచ్చు. అప్పుడు ఫోటోలోని నంబర్ బదులు వేరే నంబర్ ప్లేటు పంపిస్తాను. ప్యాక్ చేసేటప్పుడు టెండర్‌ని ఇంజన్ నుంచి విడదీసి, రెండూ వేరువేరుగా దూదిలో చుట్టండి. కమ్మీల మీద రబ్బరు బ్యాండు వేయొద్దు.