కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: పాత కంప్యూటర్ల అప్‌గ్రేడ్ శిబిరం, ఇతర కార్యక్రమాలు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కాలనీ వాసులందరికీ నమస్కారం. సంఘం నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు ఉంచవలసిన కార్యకలాపాల నివేదికను సమర్పిస్తున్నాను.

వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. రెండో వీధి డ్రైనేజీ పైపు మార్పించాం. మూడో వీధి పైపు గురించి ఇచ్చిన అర్జీ ఏ బల్ల మీద ఉందో ఆ కార్యాలయంలో ఎవరూ చెప్పడం లేదు. కుక్కల బెడద గురించి కిందటేడు నివేదికలో రాసిందే ఈ ఏడూ చదువుకోవచ్చు. ఇక ఈ ఏడాది సంఘం గట్టిగా చెప్పుకోదగ్గ పని పాత కంప్యూటర్ల అప్‌గ్రేడ్ శిబిరం. దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాను.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సిస్టమ్ ఆ రోజున ఆగిపోదు. కానీ భద్రతా అప్‌డేట్లు రావు. బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను రిటర్నులు ఆ సిస్టమ్ మీదే చేసుకునేవారికి అది చిన్న విషయం కాదు. కొత్తది కొనడమే దారి అని షాపులవాళ్లు చెప్పడంతో చాలామంది కంగారు పడ్డారు. అందుకే గడువుకు ముందే, అక్టోబర్ 11, 12 తేదీల్లో, కమ్యూనిటీ హాల్లో శిబిరం పెట్టాం.

హాల్లోకి వచ్చిన ప్రతి సీపీయూకీ, ల్యాప్‌టాప్‌కీ ముందు ఒక చీటీ అంటించాం. ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) మోడ్, ఇంట్లో ఉన్న ప్రింటర్, తప్పనిసరిగా నడవాల్సిన సాఫ్ట్‌వేర్ ఆ చీటీ మీద రాయాలి. విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎస్‌ఇన్‌ఫో32 అని కొడితే ప్రాసెసర్ పేరు, బయోస్ మోడ్ రెండూ కనిపిస్తాయి. ఇంటెల్ ఐ5-7400 అంటే ఏడో తరం, ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం. విండోస్ 11 కావాలంటే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు. ఏఎండీలో అయితే రైజెన్ 2000 వరస నుంచి. వీటితో పాటు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యే ఏర్పాటు), టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా భాగం) ఉండాలి. మైక్రోసాఫ్ట్ తనిఖీ ప్రోగ్రాము పీసీ హెల్త్ చెక్ 'టీపీఎం లేదు' అని చూపించిన చాలా సిస్టమ్‌లలో నిజానికి అది ఉంది, బయోస్‌లో ఆపేసి ఉంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. ఆన్ చేస్తే సరి. ఈ ఒక్క మార్పుతోనే కొత్త సిస్టమ్ ఖర్చు తప్పినవారు ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టినవి అసెంబుల్డ్ సిస్టమ్‌లు. మన షాపుల్లో హార్డ్ డిస్కును సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసి ఇవ్వడం ఆనవాయితీ. డిస్కు ముక్కల వివరాలు రాసిపెట్టే పాత ఎంబీఆర్ పద్ధతిలో సి మాత్రమే ప్రైమరీ. మిగతా మూడూ ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవులుగా ఉంటాయి. సెక్యూర్ బూట్ కోసం డిస్కును జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ ఉపకరణం డేటా పోకుండా ఆ పని చేస్తుంది. అయితే డిస్కు మీద ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ అనేది అసలు ఉండకూడదు. ఉంటే 'వాలిడేట్' (ముందస్తు తనిఖీ) దగ్గరే ఆగిపోతుంది. అందుకని డి, ఇ, ఎఫ్‌లలో ఉన్నదంతా ముందు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడు ఆ డ్రైవులను, తర్వాత ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను తీసేశాం. మళ్లీ వాలిడేట్, ఆ తర్వాత కన్వర్ట్. అది పూర్తయ్యాకే బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం (పాత తరహా బూట్) ఆపి, యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్) పెట్టి, సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. ఈ వరస తప్పి ముందే సీఎస్‌ఎం ఆపేస్తే 'బూట్ డివైస్ లేదు' అని వస్తుంది. కంగారుపడి ఫార్మాట్ కొట్టించేది ఇక్కడే. ఏమీ పోలేదు, సీఎస్‌ఎం మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ వచ్చేస్తుంది.

విండోస్ 11 ఎక్కాక ఖాళీ స్థలంలో కొత్త డ్రైవ్ చేసి, దానికి పాత అక్షరమే ఇవ్వాలి. ట్యాలీ (జమాఖర్చుల సాఫ్ట్‌వేర్) డేటా డి డ్రైవ్‌లో ఉన్నవారికి కొత్త డ్రైవ్ ఇ అని వస్తే, కంపెనీలన్నీ మాయమైనట్టు కనిపిస్తుంది.

సీఎస్‌ఎం ఆపగానే మానిటర్ నల్లగా ఉండిపోయిన సిస్టమ్‌లు కూడా వచ్చాయి. పాత గ్రాఫిక్స్ కార్డుల్లో యూఈఎఫ్‌ఐకి కావలసిన ఫర్మ్‌వేర్ ఉండదు. కార్డు తీసేసి, కేబుల్‌ను మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐకి పెడితే తెర వచ్చింది. అదృష్టవశాత్తు వాటిలో ఎవరికీ ఆటల కోసం కార్డు అక్కర్లేదు.

బయోస్ జోలికి వెళ్లే ముందు మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ (తేదీని, సెట్టింగులను నిలిపి ఉంచే చిన్న బ్యాటరీ) మార్చాలి. దీన్ని ఎంత చెప్పినా తక్కువే. సెల్ అయిపోయిన సిస్టమ్‌లో ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ప్రతి సైటునూ 'సురక్షితం కాదు' అంటుంది, అప్‌డేట్లు దిగవు. 'ఇంటర్నెట్ పాడైంది' అని తెచ్చిన సిస్టమ్‌లలో కొన్నిటి జబ్బు ఈ సెల్లే. సెల్ తీస్తే సెట్టింగులు మొదటికి వస్తాయి కాబట్టి, పీటీటీ, యూఈఎఫ్‌ఐ పెట్టాక సెల్ మారిస్తే చేసిన పనంతా మళ్లీ చేయాలి.

ల్యాప్‌టాప్‌ల తలనొప్పి వేరు. కొన్నిటిలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం వేసే ఏర్పాటు) దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. దాన్ని తాత్కాలికంగా ఆపకుండా టీపీఎం, బూట్ సెట్టింగులు మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా తెరిచింది అబ్బాయి, ఓటీపీ వెళ్లేది డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫోనుకు. శిబిరంలో పొద్దున పదిన్నర అంటే అక్కడ అర్ధరాత్రి. పిల్లల నిద్ర చెడగొట్టినందుకు సంఘం తరఫున క్షమాపణలు. సభ్యులు దయచేసి ఆ ఖాతాలో తమ ఫోను నంబరు కూడా చేర్పించుకోవాలి.

విండోస్ 11కి పనికిరానివాటిలో ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్, అను స్క్రిప్ట్ (తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్) వాడే సిస్టమ్‌లను విండోస్ 10 మీదే ఉంచి, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేర్చాం. ముందు విన్‌వెర్ అని కొట్టి 22హెచ్2 వెర్షన్ ఉందో లేదో చూడాలి. పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్ నౌ' కనిపిస్తుంది. సెట్టింగుల బ్యాకప్ ఎంచుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు. ఈ వెసులుబాటు 2026 అక్టోబర్ 13 వరకే.

మిగిలినవి, అంటే కోర్ టూ డ్యుయో, రెండో మూడో తరం ఐ3 సిస్టమ్‌లు, విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22.2 ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్లాయి. దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఇక్కడ ఒక మాట. ఇంటర్నెట్‌లో చూసి, రూఫస్ అనే ప్రోగ్రాముతో తనిఖీలు దాటవేసి విండోస్ 11 వేయమని కొందరు సభ్యులు పట్టుబట్టారు, కోపగించుకున్నారు కూడా. సంఘం ఆ పని చేయలేదు, చేయదు. అలా వేసిన సిస్టమ్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీని మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ను మళ్లీ ఎవరో ఒకరు చేత్తో వేయాలి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు లేని ప్రాసెసర్ మీద విండోస్ బూట్ కూడా కాదు. కోర్ టూ డ్యుయోలో అవి లేవు.

మింట్‌ను పెన్ డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి వైఫై, శబ్దం, ప్రింటర్ చూశాకే డిస్కులో వేశాం. డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 బూట్ మెనూ తెస్తాయి. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో దాన్ని అనుమతించాలి. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న ల్యాప్‌టాప్‌లకు నెట్ రాదు, డ్రైవర్ దించడానికేమో నెట్ కావాలి. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఆ చిక్కు తీరింది. విండోస్ పక్కనే మింట్ ఉంచుకున్నవారు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి. లేదంటే లినక్స్‌లో ఆ డ్రైవ్ చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు.

తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) అలవాటున్నవారికి కీబోర్డు లేఅవుట్లలో తెలుగు చేర్చితే చాలు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవారికి ఐబస్-ఎం17ఎన్ వేశాం. ఫాంట్స్-తెలుగువిజయం ప్యాకేజీతో మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు ఒక్కసారే వచ్చేస్తాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు పాత అను ఫాంట్లలో చేసుకునేవారు మాత్రం మింట్ జోలికి రావద్దు.

ప్రింటర్ల మాట. కెనాన్ ఎల్‌బీపీ2900 ఇంట్లో ఉంటే విండోస్‌లోనే ఉండండి. లినక్స్‌లో దాని డ్రైవర్ పెట్టే ఇబ్బంది ఆ ప్రింటర్ విలువకు మించి ఉంటుంది. హెచ్‌పీ 1020 చక్కగా నడుస్తుంది కానీ, హెచ్‌పీ-ప్లగిన్ ద్వారా ఫర్మ్‌వేర్ దించాలి. అది లేకపోతే ప్రింటర్ పేరు కనిపిస్తుంది, ప్రింట్ ఇస్తే కాగితం మాత్రం కదలదు.

విడిభాగాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఒకేసారి తెప్పించాం: 2.5 అంగుళాల 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కులు), సెల్స్, మోలెక్స్ నుంచి సాటా పవర్ కన్వర్టర్లు, థర్మల్ పేస్టు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయడమే అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది. ర్యామ్ పెంచడం దాని తర్వాతే. క్యాబినెట్‌లో బ్రాకెట్ లేకపోతే రెండువైపులా అంటుకునే టేపు చాలు, లోపల తిరిగే భాగమేదీ లేదు కదా. ల్యాప్‌టాప్ ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్3కి, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్‌కి తేడా చూసుకోవాలి. శిబిరం తర్వాత ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అప్పుడు వద్దన్నవారు ఇప్పుడు పాత ధరకే కావాలంటే సంఘం దగ్గర లేదు.

డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5 వరసల్లో (పాడైన, అనుమానమున్న భాగాల లెక్క) అంకెలు పెరిగి పసుపు రంగు చూపించిన డిస్కులను క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేయలేదు. వాటి నుంచి ఫొటోలు, పత్రాలు ముందు కాపీ చేసి, ఎస్‌ఎస్‌డీలో కొత్తగా వేశాం.

ఆదివారం మధ్యాహ్నం, వరసగా సిస్టమ్‌లు అప్‌డేట్‌లో ఉండగా, కరెంటు పోయింది. ఆ రెండు రోజులు కోత లేకుండా చూడమని ముందే లిఖితపూర్వకంగా ఇచ్చాం, రసీదు కూడా ఉంది. చెట్టు కొమ్మలు కొట్టడానికి ఆ ఆదివారమే దొరికింది వారికి. ఇళ్ల నుంచి తెచ్చిన యూపీఎస్‌లలో చాలావాటి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు చచ్చిపోయి ఉండటంతో అవి కీచుమని ఆగిపోయాయి. విండోస్ సెటప్ చాలావరకు తనే వెనక్కి వెళ్లి పాత విండోస్ తెరిచింది. టెంట్ హౌస్ వారు వెంటనే జనరేటర్ పంపి గట్టెక్కించారు.

ధన్యవాదాలు చెప్పవలసినవారు చాలామంది. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరైన మా పెద్దాయన రెండు రోజులూ స్క్రూడ్రైవర్ కింద పెట్టలేదు. ఇంజినీరింగ్ చదువుతున్న నలుగురు పిల్లలు సెలవు వదులుకుని వచ్చారు. ఉప్మా, టీ అందించిన మహిళా విభాగానికి, ఎక్స్‌టర్నల్ డిస్కులు అరువిచ్చిన సభ్యులకు, హాలు శుభ్రం చేసిన వాచ్‌మన్ దంపతులకు, బల్లలిచ్చిన ట్యూషన్ సెంటర్ వారికి సంఘం రుణపడి ఉంది. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు చూపించినవారందరూ వచ్చి ఉంటే కుర్చీలు చాలేవి కావు. రానివారిలో కార్యవర్గ సభ్యులూ ఉన్నారు, పేర్లు రాయడం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ 'హార్డ్‌వేర్ మా పని కాదు' అన్నవారు తమ ఇంటి సిస్టమ్‌లను మాత్రం పంపించారు.

పనికిరాని మానిటర్లు, సీపీయూలు హాలు మెట్ల కింద ఉన్నాయి. ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నా, వాటిని తీసుకెళ్లే బండి మాత్రం ఇంకా రాలేదు. వాటి హార్డ్ డిస్కులు విప్పి యజమానులకే ఇచ్చేశాం. పాత ఇనుము బండికి వేయమన్న సలహాను కార్యవర్గం ఒప్పుకోలేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక వెనుక జత చేశాం. విడిభాగాల ఖర్చు సభ్యులే భరించారు. జనరేటర్, భోజనాల ఖర్చు సాధారణ నిధి నుంచి. చందా బాకీ ఉన్నవారి జాబితా కోశాధికారి గారి దగ్గర ఉంది.

అదనపు అప్‌డేట్లలో ఉన్న సిస్టమ్‌ల కోసం సెప్టెంబరులో మళ్లీ శిబిరం పెట్టాలని ప్రతిపాదన. కార్యకర్తల పేర్లు ఈ సమావేశంలోనే, కాగితం మీద, సంతకంతో ఇవ్వాలి. వచ్చేవారు ఛార్జర్, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోను వెంట తెచ్చుకోవాలి. బ్యాకప్ తీసుకోని సిస్టమ్‌ను బల్ల మీదికి తీసుకోం.

ఇట్లు,
ప్రధాన కార్యదర్శి