తర్వాతి పడవ గురించి నీకు రాయాలనుకున్నదంతా

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పాత పడవ అమ్మేశానని ఒక్క ముక్కలో రాసి, చూసొచ్చిన మూడు పడవల కొలతలు మాత్రం నాలుగు పేజీల నిండా నింపావు. నేను ఆ ఒక్క ముక్క దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆ పడవ మీద మనిద్దరం ఎన్ని తెల్లవారుజాములు చూశాం! అమరం దగ్గర, అంటే పడవ వెనక కొస దగ్గర, గాలం పట్టుకుని నువ్వు మోకాలు ఆనించే చోట రంగు లేచిపోయి ఉండేది, అది ఇంకా కళ్ళముందే ఉంది. కొన్నవాళ్ళు బాగా చూసుకునే మనుషులని రాశావు కాబట్టి మనసు కుదుటపడింది.

మూడింట్లో ఏది తీసుకోమంటావని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ 26 అడుగుల డీజిల్ పడవ. నీ మనసు 32 అడుగుల జోడు ఇంజన్ల పడవ మీద ఉందని నీ రాతలోనే తెలుస్తోంది. దాని గురించి ఒకటిన్నర పేజీ రాసి, డీజిల్ పడవకు ఎనిమిది పంక్తులిచ్చావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయాల్సి వస్తోంది.

ముందు ఒక పని చెయ్యి. పాత పడవ లాగ్ బుక్ నీ దగ్గరే ఉంచుకున్నావుగా, అది తీసి గత మూడేళ్ళ పేజీలు తిరగెయ్యి. ఎన్నిసార్లు బయల్దేరావు, ఎంతమంది ఎక్కారు, ఎంత దూరం వెళ్ళావు, ఎన్ని రాత్రులు లంగరేసి పడవలోనే పడుకున్నావు అని నాలుగు గళ్ళు గీసి రాసుకో. నేనూ ఈ పని చేశాను, కాకపోతే ఒకప్పుడు అలాంటి జోడు ఇంజన్ల పడవే కొన్నాను, అది కొన్న రెండేళ్ళకు. చూస్తే పడవలో ఆరుగురం ఉన్నది రెండే రెండుసార్లు. మిగతా అన్నిసార్లూ నేనూ మీ చెల్లెలూ, లేదా నేనూ నువ్వూ. ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం పోయింది ఒక్కసారి. ఆ ఒక్కరోజు కోసం, ఆ రెండు రోజుల కోసం అంత పెద్ద పడవను ఏడాది పొడుగునా మోశాను.

నీకు పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ పడవ నిమ్మళమైన నీటి మీద 25 నాట్ల వేగంతో, అంటే గంటకు 46 కిలోమీటర్లతో దూసుకుపోయేది. అందులో ఆనందం లేదని అనను. కానీ ఒకరోజు తిరుగు ప్రయాణంలో, నదీముఖం దగ్గరికి వచ్చేసరికి పాటు మొదలైంది. నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి, గాలి సముద్రం మీంచి లోపలికి కొడుతోంది. గాలీ ప్రవాహమూ ఎదురెదురైతే కెరటాలు ఎలా నిక్కబొడుచుకుని, దగ్గరదగ్గరగా లేస్తాయో నీకు తెలుసు. వేగం తగ్గించక తప్పలేదు. 10 నాట్లకు రాగానే అణియం, అంటే పడవ ముందు కొస, పైకి లేచి ముందేముందో కనిపించడం మానేసింది. ఇంకా తగ్గించి 7 దగ్గరికి తెస్తే, పడవ దారి పట్టకుండా అటూ ఇటూ ఊగిసలాడడం మొదలెట్టింది. చుక్కాని తిప్పి తిప్పి భుజాలు పట్టేశాయి. మీ చెల్లెలు లోపల గోడకున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని కూచుంది, ఒక్క మాట మాట్లాడలేదు. గంటలో రావాల్సిన దారికి మూడు గంటలు పట్టింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె పడవ ఎక్కలేదు. అది పడవ తప్పు కాదు. నీటిమీదికెక్కి జారిపోవడానికి చేసిన అడుగుభాగమున్న పడవను నెమ్మదిగా నడవమని అడిగాను, తప్పంతా నాదే.

ఇక్కడే అసలు కీలకం ఉంది. పడవ అడుగు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి నీటిని తోసుకుంటూ, అందులో కూచునే నడుస్తుంది. రెండోది తగినంత వేగం అందుకున్నాక నీటి మీదికెక్కి జారుతుంది. మొదటి రకానికి ఒక హద్దుంటుంది. నడుస్తున్నప్పుడు పడవ తన కెరటాన్ని తనే పుట్టించుకుంటుంది కదా, వేగం పెరిగేకొద్దీ ఆ కెరటం పొడుగవుతుంది. అది పడవ పొడుగుతో సమానమయ్యాక, ఎంత ఇంజన్ పెట్టినా తన కెరటాన్ని తనే ఎక్కుతున్నట్టు ఉంటుంది. లెక్క చాలా సులువు. నీటి మట్టం దగ్గర పడవ పొడుగును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవెయ్యి. నువ్వు చూసిన డీజిల్ పడవ ఈ రకమే, దానికి నీటి దగ్గర 25 అడుగులు అని రాశావు, అంటే 6.7 నాట్లు. గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని 6 దగ్గర నడిపితే ఇంజన్ గురక కూడా పెట్టదు.

రెండో రకానికి ఈ హద్దు లేదు, కానీ ఆ కెరటాన్ని దాటి పైకెక్కడానికి బోలెడంత శక్తి కావాలి. ఎక్కీ ఎక్కని ఆ మధ్య వేగంలో, పోయిన దూరానికి ఇంధనం చాలా ఎక్కువ తాగుతుంది. ఆరోజు నేను చిక్కుకున్నది సరిగ్గా అక్కడే.

ఆ 32 అడుగుల దానికి అడుగు లోతైన వి ఆకారంలో ఉందని, అది కెరటాల్ని కోసేస్తుందని అమ్మేవాళ్ళు చెప్పారన్నావు. అబద్ధమేం కాదు. 1960లో అమెరికాలోని మయామీ నుంచి బహామాస్‌లోని నస్సావ్ దాకా జరిగిన పడవ పందెంలో, పడవల రూపకర్త రే హంట్ గీసిన అలాంటి అడుగుతో మాపీ అనే 31 అడుగుల పడవ కల్లోలంగా ఉన్న సముద్రంలో గెలిచింది. ఆ తర్వాతే ఆ అడుగుకు అంత పేరొచ్చింది. కానీ అది పందెంరా. వేగంగా పోతున్నప్పుడు దెబ్బలు తగ్గించడానికి పుట్టిన ఆకారం. ఇంజన్ ఆపి గాలం వేసుకుని కూచున్నావనుకో, ఆ లోతైన వి అటూ ఇటూ దొర్లుతూనే ఉంటుంది. నువ్వు సముద్రం మీద గడిపే సమయంలో సగం అలా ఆగి ఉండేదే కదా!

గుండ్రటి అడుగున్న నెమ్మది పడవలు కూడా దొర్లుతాయి, దాచను. కానీ వాటికొక మందుంది. అమరం దగ్గర చిన్న తెరచాప ఎత్తితే దొర్లడం తగ్గుతుంది, పడవ కూడా గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. నా ఇప్పటి నెమ్మది డీజిల్ పడవకు అదే పెట్టించాను. నువ్వు చూసినదానికి చిన్న కొయ్య నిలబెట్టే చోటుందో లేదో ఈసారి చూడు.

ఇంధనం సంగతి నా రెండు లాగ్ బుక్కుల్లోంచే రాస్తున్నాను. జోడు పెట్రోలు ఇంజన్లతో 25 నాట్ల మీద గంటకు 95 లీటర్ల దాకా పోయేది. ఇప్పటి డీజిలు 6 నాట్ల మీద గంటకు నాలుగు లీటర్లు తాగుతుంది. 40 నాటికల్ మైళ్ళ ప్రయాణమనుకో. అప్పుడు 150 లీటర్లు, ఇప్పుడు 27. కాలం మాత్రం గంటన్నర బదులు ఆరున్నర గంటలు. ఆ ఆరున్నర గంటలు నీకు భారమైతే నా సలహా పక్కన పెట్టెయ్యి. కానీ నాకు తెలిసి నువ్వు దారిపొడుగునా వెనక రెండు గాలాలు లాగుతూ పోయే మనిషివి, దానికి ఎలాగూ వేగం పనికిరాదు. ఒక్క విషయంలో వేగం మేలని ఒప్పుకుంటాను. వాతావరణం చెడిపోతుందని తెలిసినప్పుడు వేగంగా పోయేవాడు ముందు ఒడ్డు చేరతాడు. నెమ్మది పడవ ఉన్నవాడు ఆ ఉదయం బయల్దేరకూడదు. నేను ఈ నాలుగేళ్ళలో రేవులోంచే వెనక్కి వచ్చిన ఉదయాలు చాలానే ఉన్నాయి. ఏ పడవైనా పాత లెక్క మరిచిపోకు, ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టుకోకూడదు.

పెట్రోలు అంటే నాకున్న ఇంకో భయం దాని ఆవిరి. గాలికన్నా బరువు కాబట్టి పడవ అడుక్కి దిగి అక్కడే పేరుకుంటుంది. లోపల పెట్రోలు ఇంజనున్న పడవలో ప్రతిసారీ స్టార్టు చేసేముందు నాలుగు నిమిషాలు ఫ్యాను వెయ్యాలి, ముక్కుతో కూడా చూసుకోవాలి. పిల్లలు పడవ నడిపే రోజొస్తుంది, వాళ్ళ తొందర నీకు తెలిసిందే.

ఇక నువ్వు చూసిన మూడోది, ఆ 22 అడుగుల తెరిచిన పడవ మీద నాకేం ఫిర్యాదు లేదు. చేపలకైతే మూడింట్లో అదే మేలు, చుట్టూ తిరగొచ్చు, వెనక తగిలించిన ఇంజన్‌ను నీళ్ళలోంచి పైకెత్తి కడుక్కోవచ్చు. కానీ పొద్దునెళ్ళి సాయంత్రానికి వచ్చేసేవాళ్ళ పడవ అది. రెండు రాత్రులు లంగరేసి ఉండాలని నువ్వే రాశావు.

ఇంకోటి, చెల్లెమ్మ అడిగిన రెండు విషయాలు నీ ఉత్తరం చివర మూలన రాశావు, తలుపున్న మరుగుదొడ్డి, ఎండా చినుకూ తగలకుండా కూచుని బయటికి చూడగల చోటు. నా లెక్కలో అవి మొదటి పేజీలో ఉండాల్సినవి. ఆమె ఇష్టంగా ఎక్కితే ఆ పడవ ఏడాదికి నలభైసార్లు కదులుతుంది, లేకపోతే పదిసార్లు. ఆ డీజిల్ పడవకు ముందుభాగంలో అద్దాల గది ఉందంటున్నావు కాబట్టి రెండోది కుదిరినట్టే. మొదటిదానికి కొలత తీసుకో, లోపల మోకాళ్ళు తలుపుకు తగలకుండా కూచోగలగాలి. పొయ్యి, పరుపులు, తెరల గురించి ఇప్పుడే తల పాడుచేసుకోకు. అవన్నీ తర్వాత మార్చుకోవచ్చు. అడుగు ఆకారం, ఇంజన్ చుట్టూ చెయ్యి పట్టే చోటు మార్చుకోలేం.

ఇంజన్ చుట్టూ చోటు అన్నాను చూశావా, దాన్ని తేలిగ్గా తీసుకోకు. వెనకవైపు ఉన్న ఫిల్టరు అందాలంటే తలకిందులుగా వేలాడాలంటే, ఎంత శ్రద్ధ ఉన్నవాడైనా ఈ వారం వద్దులే అనుకుంటాడు. సముద్రపు నీటిని లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది కదా, కెరటాల మధ్య ఊగుతూ దాన్ని మార్చాల్సి వస్తే నీ చేతులు అక్కడికి పోతాయా? మూత తీసి, నిజంగా చెయ్యి పెట్టి చూడు.

ఇక పరీక్ష. కొనేముందు పడవను పరీక్షించి చెప్పే సర్వేయరును నువ్వే పెట్టుకో, అమ్మేవాళ్ళు చూపించినాయన వద్దు. ఆయన రాకముందే మనం చూడగలిగినవి కొన్నున్నాయి. చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్కంతా తట్టుకుంటూ పో. గట్టిగా ఉన్నచోట టకటకమంటుంది, లోపల నీరు దిగి మెత్తబడినచోట చప్పుడు చచ్చిపోతుంది. ఫైబర్ పొరల మధ్య బాల్సా కర్ర ఉన్న డెక్కుల్లో, కమ్మీలూ కొక్కేలూ బిగించిన బోల్టుల చుట్టూరానే ఎక్కువగా కుళ్ళుతుంది. అడుగున నీటి పొక్కులు కొన్ని కనిపిస్తే బెదిరిపోకు, ఎంత లోతున ఉన్నాయో సర్వేయరు చెబుతాడు.

ఇంజన్‌ను మాత్రం చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. వెళ్ళగానే ముందు దానిమీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే మనం వచ్చేముందే నడిపారన్నమాట, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చెయ్యి. పొగ రంగు గమనించు. నల్లగా వస్తే బరువు ఎక్కువై మండడం చాలట్లేదు, నీలంగా వస్తే నూనె కాలుతోంది, తెల్లటి పొగ ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే అనుమానించాలి. సముద్రంలోకి తీసుకెళ్ళి పూర్తి వేగం ఇచ్చినప్పుడు, నిమిషానికి ఇన్ని చుట్లని తయారుచేసినవాళ్ళు చెప్పిన లెక్కను ఇంజన్ అందుకోవాలి. రెండు మూడు వందలు తక్కువ తిరిగితే అడుగున నాచో, సరిపడని ప్రొపెల్లరో, ఇంజన్లోనే జబ్బో ఉంటుంది. తక్కువ గంటలు నడిచిందని మురిసిపోకు. ఏళ్ళ తరబడి కదలకుండా కట్టేసి ఉంచిన డీజిల్ కన్నా, వారం వారం నడిచి వేళకు నూనె మార్చుకున్నదే నయం.

పడవ యూరప్ నిబంధనల ప్రకారం కట్టిందైతే ఒక రేకు మీద అక్షరం ఉంటుంది. సి అంటే గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ లెక్కలో 6వ స్థాయి దాకా, 2 మీటర్ల కెరటాల దాకా, బి అంటే 8వ స్థాయి, 4 మీటర్లు. తీరం వెంట తిరిగే మనకు సి చాలు, బి ఉంటే ఇంకా సంతోషం. డి కనిపిస్తే అక్కణ్ణుంచే వచ్చెయ్యి, అది చెరువులకు.

వచ్చే నెల రెండో వారం నాకు ఖాళీ. పరీక్ష నడకకు నేనూ వస్తాను. సుత్తీ టార్చీ నేను తెస్తా, నువ్వు పాత లాగ్ బుక్ తీసుకురా. ఈలోగా ఆ డీజిల్ పడవ వెనక డెక్కు అంచు నీ మోకాలి దగ్గరికి వస్తుందో, తొడ దగ్గరికి వస్తుందో కొలిచి రాయి. తొడ దాకా వస్తే నిలబడి చేపను లాగడానికి నీకు హాయిగా ఉంటుంది. చెల్లెమ్మను కూడా ఒకసారి ఎక్కించి, ఆ అద్దాల గదిలో కూచోబెట్టి, ఆమె ఏమంటుందో అదే మాటల్లో రాయి.

నీ
పాత పడవ జతగాడు