‘మొండిమనిషి’ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు,

ఇళ్లలో రాసుకునే కుటుంబ చరిత్రల్లో తాతయ్యకు ఉద్యోగాలు, ఊళ్లు, తేదీలు ఉంటాయి. నాయనమ్మకో అమ్మమ్మకో విశేషణాలే మిగులుతాయి: ధైర్యస్తురాలు, మొండిమనిషి, ఎవరి మాటా వినేది కాదు. ఎవరి మాట వినలేదు? ఏ విషయంలో? రాయాల్సింది అదీ.

ఒక్కో విశేషణం కింద ఒక్కో నిర్ణయం రాయండి. అప్పటికి ఆమె వయసెంత, వద్దన్నదెవరు, డబ్బు ఎక్కణ్నుంచి వచ్చింది, కాగితం మీద సంతకం ఎవరిది, ఆ పంతం వల్ల ఆమె పోగొట్టుకున్నదేమిటి. ఈ చివరి ప్రశ్న అడక్కపోతే రాసిందంతా పొగడ్తగానే మిగులుతుంది.

ఆమె బతికుంటే ‘నీ గురించి చెప్పు’ అని అడగొద్దు, ‘నాదేముందిరా’ అనేస్తుంది. ‘సొంత డబ్బు మొదటిసారి చేతికెప్పుడొచ్చింది? దాంతో ఏం చేశావ్?’ అనండి, మాట కదులుతుంది. పెద్దవయసులో మనుషులకు పదికీ ముప్పైకీ మధ్య ఏళ్లే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి పరిశోధనలు తేల్చాయి, కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టడం మేలు. కొడుకులూ కోడళ్లూ చుట్టూ చేరితే జవాబులు వాళ్లే చెప్పేస్తారు. ఆమెతో మీరొక్కరే, గంటకు మించకుండా కూర్చోండి. ఆమె ఒప్పుకున్నాకే రికార్డు చేయాలి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి, ఫ్యాన్ ఆపి, ముందుగా తేదీ, ఇద్దరి పేర్లూ చెప్పండి. మధ్యలో ఆమె ఆగితే తొందరపడి ఇంకో ప్రశ్న వేయకండి. అసలు సంగతి చాలాసార్లు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

ఆమె లేకపోతే కాగితాలే దిక్కు. పెళ్లికి ముందు ఇంటిపేరుతోనూ వెతకాలి, లేదంటే సగం జీవితం దొరకదు. పాత కాగితాల్లో వయసును గుడ్డిగా నమ్మొద్దు: 40, 45, 50 అంటూ సున్నాకో ఐదుకో సర్ది రాయడం చాలా దేశాల్లో ఉన్నదే. సంఘటన జరిగిన రోజుల్లో పుట్టిన కాగితానికీ తర్వాతెప్పుడో రాసుకున్నదానికీ తేడా వస్తే మొదటిదానికే విలువెక్కువ.

ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు గీత తేలుతుంది. అంచు దగ్గర మెత్తటి పెన్సిల్‌తో రాయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఫొటో అతుక్కుపోతే లాగకండి, పేజీతోపాటే స్కాన్ చేయండి. చిన్న ఫొటోలకు స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టుకోవాలి. లామినేషన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, మళ్లీ ఊడదీయలేం.

ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, చెప్పినవారి పేరుతో, తేదీతో. ఆస్తి తగాదాలూ తెగిన సంబంధాలూ ఉన్నచోట బతికున్నవాళ్ల పేర్లు విడి ప్రతిలో దాచి, బంధువులకు పంచే ప్రతిలో తీసేయొచ్చు. ఆమె తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం తీసేయకండి.

– ఒక పాఠకురాలు