రిడ్జ్ (కొండ పైగట్టు) మీద పూలు, వెళ్ళేవాళ్ళు చూడండి
హాయ్ అందరికీ, నిన్న రిడ్జ్ ఎక్కుతుంటే చెట్లు అయిపోయాక ఇంక రాళ్ళే అనుకున్నా కానీ అసలు పూలన్నీ అక్కడే ఉన్నాయి! రాళ్ళ సందుల్లో పచ్చటి మెత్తలా నేలకి అతుక్కుపోయి దాని నిండా చిట్టి చిట్టి గులాబీ రంగు పూలు, మాస్ క్యాంపియన్ అంటారు, గాలికి తట్టుకోడానికే అలా ముద్దగా పెరుగుతుంది, ఎండ ఉంటే ఆ మెత్త లోపల బయటికంటే వెచ్చగా ఉంటుందంట. పెరగడం మాత్రం చాలా స్లో, పెద్ద మెత్త అయితే 100 ఏళ్ళు దాటింది కూడా ఉండొచ్చు, అది తెలిశాక కాలు ఎక్కడ పెట్టాలన్నా భయమేసింది నాకు. జెన్షియన్లు అనే నీలం పూలు కూడా కనిపించాయి, ఎంత నీలమో!! మబ్బు పట్టగానే ముడుచుకుపోయాయి, ఎండ ఉండగానే ఫొటోలు తీస్కోండి. వచ్చే వారం వెళ్ళేవాళ్ళు ప్లీజ్ దారి వదిలి పక్కకి దిగకండి, దిగాల్సొస్తే రాళ్ళ మీదే అడుగెయ్యండి, ఒక్క పువ్వు కూడా కొయ్యొద్దు